గుంటగలగర నూనె, ఉల్లిగడ్డ రసం, మందారాకు: 25 వారాల ప్రాజెక్టు డైరీ

హన్మకొండ, 2024 డిసెంబరు 8 నుంచి 2025 జూన్ 1 దాకా

ముందు తెలియాల్సినవి

2024 సెప్టెంబరు మొదటి వారంలో మా ఇంట్లో ఇద్దరికి డెంగీ వచ్చింది. ఒకరు నేను, ఇంకొకరు మా వదినె. జ్వరం పోయింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఇద్దరం పనుల్లో పడ్డాం. నవంబరు చివర్లో ఇద్దరికీ ఒకేసారి జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెనకు ఉండలు ఉండలుగా, దిండు మీద, అన్నంలో కూడా. గుంటగలగర నూనె, ఉల్లిగడ్డ రసం, మందారాకు రాస్తే ఊడడం ఆగుతుందా, జుట్టు పెరుగుతుందా అని ఆరు నెలలు లెక్కపెట్టి చూసిన డైరీ ఇది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిసినదే. తల మీద ఎప్పుడూ నూటికి 85–90 వెంట్రుకలు పెరిగే దశలో ఉంటాయి. ఆ దశ 2 నుంచి 6 ఏళ్లు నడుస్తుంది. తర్వాత వెంట్రుక పెరగడం ఆపి సుమారు 3 నెలలు విశ్రాంతిగా ఉండి రాలిపోతుంది. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. పెద్ద జ్వరమో కాన్పో అయితే చాలా వెంట్రుకలు ఒక్కసారే విశ్రాంతి దశలోకి పోతాయి. అందుకే జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు అన్నీ కలిసి రాలతాయి.

నేను ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబ్ అసిస్టెంటును. మైక్రోస్కోపు, సన్నని కొలతల స్లైడు చేతికి అందుతాయి. అవి లేకపోయినా ఇందులో ముప్పావు పని ఇంట్లో చేసుకోవచ్చు.

ఆరు నెలలు ఎందుకంటే, 2015లో ఇరాన్‌లో 100 మంది మగవాళ్ల మీద రోజ్‌మేరీ నూనెను జుట్టు పెరగడానికి రాసే మందు 2 శాతం మినాక్సిడిల్‌తో పోల్చి చూశారు. 3 నెలలకు రెండు గుంపుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 6 నెలలకే వెంట్రుకల సంఖ్య పెరిగింది. కాబట్టి రెండు వారాలు రాసి ‘పని చేసింది’, ‘చెయ్యలేదు’ అనడానికి లేదు.

దశ 1: లెక్కపెట్టడం (నవంబరు 30 – డిసెంబరు 29)

కొన్నవి: యూఎస్‌బీ మైక్రోస్కోపు 1,150, డిజిటల్ వెర్నియర్ (మిల్లీమీటర్లు కొలిచే పరికరం) 650, 0.01 గ్రాము చూపే చిన్న కాటా 420, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటరు 290, నల్ల శాటిన్ గుడ్డ మీటరు 80, జిప్ కవర్లు 60.

ఇప్పటిదాకా ఖర్చు: 2,650 రూపాయలు.

మొదటి వారం లెక్కలు మొత్తం పారేశాను. ఒకరోజు 140, ఇంకోరోజు 260, మళ్లీ 190. తలస్నానానికీ తలస్నానానికీ మధ్య ఒకసారి రెండు రోజులు, ఒకసారి అయిదు రోజులు ఎడం వచ్చింది. రాలాల్సిన వెంట్రుకలు ఆ రోజుల్లో తలలోనే చిక్కుకుని ఉండి స్నానంలో ఒక్కసారే దిగుతాయి. ఎడం మారితే అంకె మారుతుంది, తల మారినట్టు కాదు. కాటా కూడా అక్కరకు రాలేదు. తడి పూర్తిగా ఆరని వెంట్రుకల ఉండ బరువు గంటగంటకూ తగ్గుతూ పోయింది. అందుకని చేత్తో లెక్కపెట్టడానికే స్థిరపడ్డాను.

డిసెంబరు 8 నుంచి పాటించిన పద్ధతి:

1. తలస్నానం ఆదివారం, బుధవారం మాత్రమే.
2. స్నానానికి ముందు నల్ల గుడ్డ మీద తల వంచి, ఒకే దువ్వెనతో, గడియారం పెట్టుకుని సరిగ్గా 60 సెకన్లు దువ్వాలి.
3. బాత్రూం జాలీ మీద పాత చున్నీ ముక్క పరిచి, స్నానంలో రాలినవి దాంట్లో పట్టాలి.
4. రెండూ కలిపి ఆరబెట్టి, పదేసి చొప్పున టేపుకు అంటించి లెక్కపెట్టాలి.
5. ఒక్కో వెంట్రుక మొదలు చూడాలి. తెల్ల బుడిపె ఉంటే అది వేరు నుంచి ఊడింది. బుడిపె లేకపోతే మధ్యలో తెగింది. రెండూ వేర్వేరు గళ్లలో రాయాలి.

అయిదోది మొదట్లో ఊరికే చేశాను. చివరికి ప్రాజెక్టంతా దాని మీదే నిలబడింది. నల్ల గుడ్డ మీద పెడితే ఆ బుడిపె నువ్వుగింజలో పదో వంతు కూడా ఉండదు, కానీ వేళ్ల మధ్య లాగితే తగులుతుంది. అలవాటయ్యాక కళ్లు మూసుకుని కూడా చెప్పగలిగాను. తెగిన వెంట్రుక కొస మాత్రం చీపురు పుల్ల నలిగినట్టు ఉంటుంది.

డిసెంబరు 8: మొత్తం 214 (ఊడినవి 171, తెగినవి 43).
డిసెంబరు 29: మొత్తం 231.
ఇప్పటిదాకా: 7 స్నానాలు, 1,533 వెంట్రుకలు.

వదినె తన ఆదివారపు వెంట్రుకలు కవర్లో వేసి ఇస్తానంది. “నాకైతె ఆ ఆకు నూనె వాసన పడదు, మామూలు నూనెనే పెట్టుకుంట. లెక్క మాత్రం నువ్వే పెట్టుకో” అన్నది. ఆమెది డిసెంబరు 8న 176. ఆ కవర్ల విలువ అప్పుడు నాకు తెలియలేదు.

దశ 2: ఆకు తేవడం

తెల్లపూల గుంటగలగర కావాలి. పచ్చపూలది వేరే మొక్క. నీటి తడి ఉన్న ఒడ్ల మీద బాగా పెరుగుతుంది. యాసంగి నాట్ల కాలం గనుక హసన్‌పర్తి వైపు పొలాల్లో దొరికింది.

మొదటి సంచిలో మూడోవంతు గడ్డిచామంతి కలిసిపోయింది. దూరం నుంచి రెండింటికీ తెల్లని చిన్న పూలే. గడ్డిచామంతి పూవు పొడుగు కాడ మీద నిలబడుతుంది, నడుమ పచ్చగా ఉంటుంది, చుట్టూ విడివిడిగా ఉన్న తెల్లరేకుల కొసలు మూడుగా చీలి ఉంటాయి. గుంటగలగర పూవు చిన్న బొత్తాం లాంటిది, చుట్టూ సన్నని తెల్ల పోగులు. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు రసం. కాడ తుంచి వేలికి రాస్తే కాసేపటికి నల్లబడుతుంది. రెండో విడతలో ప్రతి గుప్పెడు నుంచీ ఒక కాడ తుంచి చూశాను. ఇంటికొచ్చేసరికి బొటనవేలు, చూపుడు వేలు బొగ్గు పట్టుకున్నట్టయ్యాయి, రెండు రోజులు పోలేదు.

ఇంకో జాగ్రత్త. ఒడ్డు మీద గడ్డిమందు కొట్టారేమో రైతును అడగకుండా కొయ్యొద్దు. నేను మొదట కోసిన ఒడ్డు మీద వారం క్రితమే కొట్టారట. ఆ సంచి అక్కడే పారబోసి, మందు కొట్టని ఇంకో మడి దగ్గరికి పోయాను. మురికి కాల్వల పక్కన ఏపుగా పెరిగింది కూడా వద్దు.

దశ 3: నూనె కాచడం – రెండు చెడిపోయినవి, ఒకటి కుదిరింది

పాత వైద్యంలో తైలపాకానికి లెక్క ఉంది. ఆకు ముద్ద 1 వంతు, నూనె 4 వంతులు, రసం 16 వంతులు. 250 మి.లీ. నువ్వుల నూనెకు ఒక లీటరు రసం, సుమారు 62 గ్రాముల ముద్ద. నా మిక్సీలో కిలో ఆకుకు 340 మి.లీ. రసం దిగింది, అంటే మూడు కిలోలు కావాలి. ఇంట్లో చాలామంది గుప్పెడు ఆకు నూనెలో వేయించి అదే గుంటగలగర నూనె అంటారు. ఆ రెండూ ఒకటి కాదు.

మొదటిసారి (డిసెంబరు 15): గంటన్నర కాచి, పచ్చరంగు దిగింది కదా అని దించేశాను. లోపల నీరు మిగిలిపోయింది. పన్నెండో రోజు సీసా మూత తీస్తే పులిసిన వాసన, అడుగున తెల్లటి తెట్టు. పారబోశాను. అంటే డిసెంబరు 15 నుంచి 27 దాకా నేను తలకు రాసింది కుళ్లడం మొదలైన నూనె.

రెండోసారి (జనవరి 1): నీరు మిగలకూడదని మంట పెంచాను. ముద్ద గంజు అడుగుకు పట్టి మాడింది. నూనె నల్లగా, కాలిన వాసన.

మూడోసారి (జనవరి 12): 350 పెట్టి వంట థర్మామీటరు కొన్నాను. ఈ ప్రాజెక్టులో పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చినవాటిలో ఇదొకటి. కారణం చాలా సులభం. రసంలో నీరు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల చుట్టే ఆగుతుంది. నీరంతా ఆవిరయ్యాకే ముల్లు కదులుతుంది. కాబట్టి ముల్లు కదిలిందంటే నీరు అయిపోయినట్టే.

1. వెడల్పు మూతి ఉన్న మందపాటి గంజు, సన్న మంట.
2. మొదటి రెండు గంటలు పది నిమిషాలకోసారి అడుగంటా కలపాలి. చివరి అరగంట గంటె తీయకూడదు.
3. రెండు గంటల పది నిమిషాల దాకా 99–102 మధ్య ఉంది. అక్కడి నుంచి నెమ్మదిగా పైకి.
4. 110 దాటగానే నూనె మీద సన్నని నురగ లేచింది. తైలం పాకానికి వచ్చిందనడానికి పెద్దవాళ్లు చెప్పే గుర్తు అదే.
5. ముద్ద కొంచెం తీసి వేళ్లతో నలిపితే వత్తిలా రావాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపటమనకూడదు. చిటపటమంటే నీరుంది.
6. దించి, గోరువెచ్చగా ఉండగానే గుడ్డలో వడకట్టి, పూర్తిగా ఆరిన సీసాల్లో పోయాలి.

మొత్తం 2 గంటల 40 నిమిషాలు పట్టింది. 250 మి.లీ. పెడితే 215 మి.లీ. వచ్చింది. ఈ సీసా నాలుగు నెలల తర్వాత కూడా వాసన మారలేదు.

ఈ రెండు దశల ఖర్చు: గానుగ నూనె లీటరు 380, నల్ల సీసాలు నాలుగు 140, థర్మామీటరు 350, వడకట్టే గుడ్డ 40, దారి ఖర్చు 120.
ఇప్పటిదాకా: 3,680 రూపాయలు.

దశ 4: తమ్ముడి గుండు (జనవరి 19 – ఏప్రిల్ 14)

తమ్ముడికి వేములవాడ రాజన్న మొక్కు ఉంది. జనవరి 20, సోమవారం తలనీలాలు ఇచ్చి వచ్చాడు. వెంట్రుక ఎంత వేగంగా పెరుగుతుందో కొలవాలంటే గుండు కన్నా మంచి ఏర్పాటు లేదు. సున్నా ఏ రోజో ఖచ్చితంగా తెలుసు. కల్యాణకట్టలో ఇచ్చిన వెంట్రుకలు దేవుడివి గనుక, ముందురోజు రాత్రే పది వెంట్రుకలు కత్తిరించి కవర్లో దాచాను.

మొదటి ఏర్పాటు: తలకు ఎడమ సగం గుంటగలగర నూనె, కుడి సగం ఉత్త నువ్వుల నూనె. మూడో రోజే చెడింది. తెల్ల కాగితంతో కుడివైపు తుడిస్తే పచ్చమరక. రాత్రి దిండు మీద అటూ ఇటూ దొర్లితే నూనె తలంతా పాకింది. దిండు గలేబు చూస్తే ఎంత దూరం పోయిందో తెలిసింది. సగం తల పద్ధతి చెయ్యాలనుకునేవాళ్లు ముందు ఈ కాగితం పరీక్ష చెయ్యండి.

మార్చిన ఏర్పాటు: చెవి పై అంచు నుంచి 5 సెం.మీ. పైన, రెండు వైపులా 2 సెం.మీ. చదరపు గడి. ప్లాస్టిక్ ఫైలు అట్టలో కిటికీ కోసి, దాని కింది అంచు చెవికి ఆనించి చూసుకుంటే రోజూ అదే చోటు దొరుకుతుంది. సిరా పోసే డ్రాపరుతో రెండేసి చుక్కలు, రెండు గంటలయ్యాక తుడిచి పడుకోవడం.

ఇప్పుడు కొలత. వెర్నియర్‌ను నెత్తికి ఆనిస్తే చర్మం లోపలికి పోతుంది, నొక్కినకొద్దీ అంకె మారుతుంది. ఒకే చోట మూడుసార్లు కొలిస్తే 2 మి.మీ. దాకా తేడా వచ్చింది. ఆ 650 రూపాయలు దండగ. దాని బదులు చిన్న కత్తెరతో ఒక్కో గడి నుంచి పది వెంట్రుకలు చర్మం దాకా కత్తిరించి, గ్రాఫు కాగితం మీద టేపుతో నిటారుగా అంటించి, మైక్రోస్కోపు కింద చూశాను.

ఫిబ్రవరి 3, పద్నాలుగో రోజు: ఎడమ సగటు 5.3 మి.మీ., కుడి 4.7 మి.మీ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 0.6 మి.మీ. తేడా అంటే పద్నాలుగు రోజులకు చాలా పెద్దది. మర్నాడు కాగితాలు మళ్లీ తీసి చూస్తుంటే అనుమానం వచ్చింది. ఎడమ వెంట్రుకల్లో రెండు కొంచెం వంకరగా ఉన్నాయి, వాటిని సాగదీసి అంటించాను. కుడివాటిలో వంకరవి అట్లాగే వదిలాను. కావాలని చెయ్యలేదు. కానీ ఏది ఏ వైపుదో నాకు తెలుసు, చెయ్యి దాని దారిన అది పోయింది.

వదినెను పిలిచాను. ఆ ఇరవై వెంట్రుకలనూ ఆమె విప్పి, రెండు కవర్లలో వేసి, తనకు మాత్రమే తెలిసేలా 1, 2 అని రాసింది. ఏది ఏ వైపుదో చెప్పకుండా ఇస్తే అన్నింటినీ ఒకే తీరుగా సాగదీసి కొలిచాను. 1 సగటు 4.9. 2 సగటు 4.9.

అక్కడి నుంచి కత్తిరించడం, కవర్లలో వెయ్యడం వదినె పని. కొలవడం నా పని. కొలిచి రాసి, సంతకం పెట్టాకే ఏ అంకె ఏ వైపుదో చెప్పేది.

28వ రోజు (ఫిబ్రవరి 17): గుంటగలగర వైపు 9.8, ఉత్త నూనె వైపు 9.7 మి.మీ.
56వ రోజు (మార్చి 17): 19.5, 19.7.
84వ రోజు (ఏప్రిల్ 14): 29.2, 29.1.

రెండువైపులా రోజుకు 0.35 మి.మీ., నెలకు సెంటీమీటరు చిల్లర. ఎవరి తలైనా మామూలుగా పెరిగే వేగమే ఇది. ఒక చదరపు సెంటీమీటరులో వెంట్రుకలు కూడా లెక్కపెట్టాను. 28వ రోజు 168, 171. 84వ రోజు 170, 169. తేడా లేదు.

గుంటగలగర మీద 2008లో, మందారాకు మీద 2003లో మన దేశంలో జరిగిన ప్రయోగాల్లో ఆకు సారం రాసినచోట వెంట్రుకలు త్వరగా వచ్చాయి. రెండూ తెల్ల ఎలుకల మీద చేసినవే. ఎలుకల వెంట్రుకలు ఒక్కో ప్రాంతంలో కలిసికట్టుగా పెరిగి, కలిసికట్టుగా ఆగుతాయి. మన తల మీద ఏ వెంట్రుక గడియారం దానిదే. పైగా వాళ్లు రాసింది ద్రావకంతో తీసిన చిక్కటి సారం, నేను రాసింది పొయ్యి మీద కాచిన నూనె. కాబట్టి నా అంకెలు వాళ్ల ప్రయోగాన్ని కొట్టెయ్యవు, వాళ్ల ప్రయోగం నా సీసాకు పూచీ పడదు.

పక్కన ఇంకో సంగతి తేలింది. గుండు చేయిస్తే వెంట్రుక లావుగా వస్తుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. గుండుకు ముందు దాచిన పది వెంట్రుకల మందం సగటు 78 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 56వ రోజు వెంట్రుకల మందం 77. కత్తి తగలని వెంట్రుక కొస సన్నగా పోతుంది, గుండు తర్వాత వచ్చే వెంట్రుకకు కొస మొద్దుగా ఉంటుంది. అందుకే అరచెయ్యి పెడితే గరుకుగా, ఒత్తుగా తోస్తుంది.

దశ 5: వదినె కవర్లు

జనవరి 19న నా లెక్క 188కి తగ్గింది. ఫిబ్రవరి 9న 131. అమ్మ సంతోషం చెప్పలేను. “గుంటగలగరాకు పెట్టినంక ఊడుడు తగ్గింది సూడు బిడ్డా. మా అమ్మ ఊకెనే చెప్పిందా?” నాకూ అట్లాగే అనిపించింది. తమ్ముడి నెత్తి మీద పెరుగుదల మారకపోయినా, ఊడడం ఆపుతుందేమో అనుకున్నాను.

అప్పుడు వదినె అంకెలు పక్కన పెట్టాను. ఆమె తలకు గుంటగలగర చుక్క కూడా తగల్లేదు.

డిసెంబరు 8: నేను 214, వదినె 176.
జనవరి 19: నేను 188, వదినె 160.
ఫిబ్రవరి 9: నేను 131, వదినె 108.
మార్చి 2: నేను 96, వదినె 90.
మార్చి 30 (ఉగాది): నేను 74, వదినె 66.
జూన్ 1: నేను 58, వదినె 49.

డిసెంబరు నుంచి జూన్‌కు నాది నూటికి 73 వంతులు తగ్గింది, ఆమెది 72. ఒకే జ్వరం, ఒకే వారం, ఒకే వాలు. వదినె లేకపోయి ఉంటే ఈ డైరీలో ‘గుంటగలగర నూనెతో ఊడడం ఆగింది’ అని రాసేదాన్ని, ఆ మాట నమ్మి ఎంతమంది ఎంత ఖర్చు పెట్టేవాళ్లో.

మా లెక్కలో ఒక లోపం ఉంది, చెప్పాలి. ఫిబ్రవరి 3 నుంచి నాకు రక్తం తక్కువుందని (హిమోగ్లోబిన్ 10.4) డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. వదినెకు అవసరం లేకపోయింది. అంటే నా వైపు నూనెతో పాటు మాత్రలు కూడా ఉన్నాయి. అయినా ఆమె కన్నా వేగంగా తగ్గలేదు. జుట్టు ఊడుతున్న ఆడవాళ్లు ఏ ఆకూ కొనకముందే రక్తం, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. నేను రెండు నెలలు ఆలస్యం చేశాను.

ఇప్పటిదాకా (ఫిబ్రవరి 9): 19 స్నానాలు, 3,688 వెంట్రుకలు. పరీక్షలకు 1,350 కలిపి 5,030 రూపాయలు.

దశ 6: ఉల్లిగడ్డ రసం – మూడు రోజులు

2002లో ఇరాక్‌లో ఉల్లిగడ్డ రసం రోజుకు రెండుసార్లు రాస్తే ఆరు వారాలకు 23 మందిలో 20 మందికి వెంట్రుకలు వచ్చాయి. ఈ మాట అందరూ చెబుతారు. వాళ్లందరికీ ఉన్నది పేనుకొరుకుడు అని మాత్రం చెప్పరు. అది గుండ్రంగా మచ్చలు మచ్చలుగా ఊడే వేరే జబ్బు. చాలామందిలో దానంతట అది కూడా తగ్గుతుంది. జ్వరం తర్వాత తలంతా పలచబడేదానికీ, మగవాళ్ల బట్టతలకూ ఆ అంకెలు పనికిరావు.

ఇది తెలిసి కూడా కణత దగ్గర పలచబడ్డచోట రాశాను. మోచేతి లోపల రాసి ఒక రోజు ఆగి చూడాల్సింది, చూడలేదు. మొదటి రోజు చురుకు. రెండో రోజు దురద. మూడో రోజు పొద్దున అద్దంలో చూస్తే 4 సెం.మీ. పొడుగు, 3 సెం.మీ. వెడల్పున ఎర్రటి మచ్చ, దాని అంచున సన్నని పొక్కులు. ఆపేశాను. మచ్చ పోవడానికి తొమ్మిది రోజులు, ఆ చోట పొట్టు రాలడానికి ఇంకో వారం. మళ్లీ ప్రయత్నించలేదు.

ఉల్లిగడ్డలు రెండు కిలోలు 60. ఇప్పటిదాకా: 5,090 రూపాయలు.

దశ 7: బోరు నీళ్లు

ఊడినవి తగ్గుతున్నా తెగినవి తగ్గడం లేదని రెండు గళ్లు విడిగా చూస్తేనే తెలిసింది. డిసెంబరు 8న 43, ఫిబ్రవరి 9న 34. మొత్తంలో వాటి వాటా అయిదో వంతు నుంచి నాలుగో వంతుకు పెరిగింది.

తెగిన వెంట్రుకను మైక్రోస్కోపు కింద పెడితే పొడవునా తెల్లటి పొక్కులు, గోడకు సున్నం పెచ్చు అతికినట్టు. ఒక చుక్క నిమ్మరసం వేశాను. పొక్కుల చుట్టూ సన్నని బుడగలు లేచాయి, రెండు నిమిషాల్లో పొక్కు కరిగిపోయింది. అది సున్నమే. టీడీఎస్ మీటరు పెడితే మా బోరు నీళ్లు 1,040, నల్లా నీళ్లు 240.

ఫిబ్రవరి 12 నుంచి నా తలస్నానం నల్లా నీళ్లతో. ముందురోజే రెండు బకెట్లు పట్టి పెట్టుకోవడం. నూనె, కుంకుడుకాయలు, దువ్వెన ఏవీ మార్చలేదు. వదినెను మాత్రం మార్చి 2 దాకా బోరు నీళ్లతోనే పోసుకోమన్నాను.

తెగినవి మాత్రమే:
ఫిబ్రవరి 9: నేను 34, వదినె 28.
మార్చి 2: నేను 13, వదినె 27.
మార్చి 30: నేను 12, వదినె 12.

నాది నీళ్లు మార్చిన మూడు వారాల్లో పడిపోయింది. ఆమెది ఆమె మార్చాకే పడిపోయింది. 25 వారాల్లో నాకు అనుమానం లేకుండా దొరికిన మొదటి ఫలితం ఇదే. దీనికి ఆకూ అక్కర్లేదు, పొయ్యీ అక్కర్లేదు. బోరు నీళ్లు వాడే ఇంట్లో జుట్టు పొడుగు పెరగడం లేదంటే, వేరు దగ్గర పెరగక కాదు, పెరిగినంతా కొస దగ్గర తెగిపోతున్నందుకు కావచ్చు. నెలకు పెరిగేది సెంటీమీటరే, అంతే తెగితే జడ అక్కడే ఆగుతుంది.

ఇప్పటిదాకా (మార్చి 30): 33 స్నానాలు, 5,057 వెంట్రుకలు. రెండో లీటరు నూనె 380 కలిపి 5,470 రూపాయలు.

దశ 8: మెంతులు, మందారాకు

మెంతుల ముద్ద రెండుసార్లతో సరిపెట్టాను. ఎంత కడిగినా పలుకులు తలలో మిగిలాయి, వాటిని దులపడానికి దువ్వితే తెగినవి 12 నుంచి 19కి పెరిగాయి. పలచటి గుడ్డలో వడకట్టి జిగురు మాత్రమే వాడితే బాగుండేదేమో, అప్పటికే మందారాకు మొదలుపెట్టాను.

1. ముదురు మందారాకులు ఇరవై, కడిగి రెండు గ్లాసుల నల్లా నీళ్లలో గంట నానబెట్టాలి.
2. చేత్తో పిసకాలి. మిక్సీలో వేస్తే ముక్కలు తలలో ఇరుక్కుంటాయి.
3. గుడ్డలో పిండితే చారెడు జిగురు వస్తుంది.
4. కుంకుడుకాయ పోసుకున్నాక, తడి జుట్టు కింది సగానికి మాత్రమే పట్టించి, అయిదు నిమిషాలాగి కడగాలి.
5. చిక్కు కొస నుంచి పైకి తియ్యాలి.

ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 27 దాకా ఏడు స్నానాలు. తెగినవి సగటు 12 నుంచి 5కు వచ్చాయి. దాని వల్లేనా అని మే మొదటి రెండు వారాలు ఆపాను. 11కు పోయింది. మళ్లీ మొదలుపెడితే 5. ఊడినవాటిలో దీనితో ఏ మార్పూ లేదు. జిగురు వెంట్రుక మీద జారుడు పొరలా ఉండి దువ్వెన పళ్లను పోనిస్తుంది, అంతవరకే. ఆ అంతవరకు చాలా మంచిది, ఖర్చు లేదు, ప్రతి వాకిట్లో చెట్టుంది.

జూన్ 1

51 స్నానాలు, 6,193 వెంట్రుకలు, 5,470 రూపాయలు.

నుదుటి అంచున నాకు కొత్త వెంట్రుకలు కనబడుతున్నాయి. జడలో ఇమడవు, గాలికి లేస్తాయి. అమ్మ వాటిని చూపిస్తూ “ఇవి నూనెవి కాకుంటె ఎక్కడియి?” అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. కాబట్టి వాటిలో ఇరవై వెంట్రుకలు చర్మం దాకా కత్తిరించి కొలిచాను. సగటు 61 మి.మీ. రోజుకు 0.35 చొప్పున భాగిస్తే 174 రోజులు. జూన్ 1 నుంచి 174 రోజులు వెనక్కి పోతే 2024 డిసెంబరు 9. నా మొదటి నూనె, ఆ పులిసిన సీసా కూడా, పొయ్యి మీదికి ఎక్కింది డిసెంబరు 15న. చర్మం కింద మొలిచి బయటికి రావడానికి పట్టిన రోజులు కలిపితే ఇంకా ముందే. జుట్టు అత్యంత ఎక్కువగా ఊడుతున్న ఆ రోజుల్లోనే, నేను జాలీ దగ్గర కూర్చుని ఏడుస్తూ లెక్కపెడుతున్నప్పుడే, ఇవి లోపల మొదలయ్యాయి.

వదినెవి కూడా కొలిచాను. 58 మి.మీ., 166 రోజులు, డిసెంబరు 17.

కాగితం మీద రెండు తేదీలూ రాసి అమ్మకు చూపించాను. చాలాసేపు చూసింది. సీసాలో ఇంకా 140 మి.లీ. నూనె మిగిలి ఉంది. మోకాళ్లకు రాసుకుంటానని అమ్మ తీసుకుంది. మందారాకు జిగురు కొనసాగుతోంది, వదినె కూడా మొదలుపెట్టింది.